పుప్పొడి వెంట వచ్చిన తెగులు

పుప్పొడి లేనిదే పూవు పిందె గాదు. పిందె పండు గాదు. ఫలమునకు మూలమైన ఆ పుప్పొడియే తెగులును గూడ మోయునని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

1892లో రష్యా దేశీయుడైన ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకుమొక్క రసమును, సూక్ష్మజీవులు సైతము దూరలేని పింగాణి గొట్టమున వడగట్టెను. అయినను ఆ రసము తెగులును పుట్టించుచునే యుండెను. 1898లో హాలండు దేశమున బైజరింక్ ఆ కంటికగపడని వస్తువును వైరస్ అని వ్యవహరించెను.

పిమ్మట పండ్లతోటల వంతు వచ్చినది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పుల్లచెర్రీ చెట్ల యాకులు పూతకాలము గడచిన కొన్ని వారములకు పసుపువారి రాలుచుండెను, కాపు తగ్గుచుండెను. ఈ తెగులు అంటుమొగ్గల మూలమున వ్యాపించునని 1939లో కీట్, క్లేటన్ అను వారు ప్రకటించిరి. అట్లైనచో ఆరోగ్యము గల చెట్టునుండి మొగ్గ తీసి యంటుకట్టిన చాలునని తోచును. కాని యట్లు పెంచిన తోటలలోను తెగులు చెట్టునుండి చెట్టునకు ప్రాకెను. దానిని మోసికొని వచ్చిన దేది?

1946లో కాక్రన్ అను పండితుడు చెర్రీజాతికి సోకు వలయమచ్చ తెగులు వైరస్ విత్తనము ద్వారా సంక్రమించునని చూపెను. 1960లో న్యూయార్కు రాష్ట్రపు గిల్మర్, వే అనువారు ఈ వైరసులు పుప్పొడితో వచ్చునని తెల్పిరి. 1963లో కెనడాకు చెందిన జార్జి, డేవిడ్‌సన్ మరియొక యడుగు ముందుకు వేసిరి: రోగపు పుప్పొడి సోకినచో గింజయే కాక, పూవును దాల్చిన చెట్టే రోగగ్రస్త మగును! అందుచేతనే అంటుమొగ్గల నిచ్చు తల్లిచెట్ల పూతను త్రుంచివేయు నాచార మేర్పడినది. పండును వదలుకొని చెట్టును కాపాడుకొనుట యన్న మాట. కాలిఫోర్నియా తోటలనుండి వాషింగ్టన్ రాష్ట్రమునకు తరలించిన తేనెపట్టు పెట్టెలలో గూడ ఈ పుప్పొడి ప్రయాణము చేసియుండవచ్చునని 1983లో మింక్ సూచించెను.

ఇది పరదేశపు గాథ యని మనము ఊరకుండ వీలులేదు. 2000వ సంవత్సరమున అనంతపురము జిల్లాలో ఇంచుమించు 2,25,000 హెక్టార్ల వేరుసెనగ పైరు కాండము కుళ్లు తెగులుపాలయ్యెను. నష్టము 300 కోట్ల రూపాయలను మించెనని యంచనా. దానికి కారణమైన వైరస్ చెర్రీ వలయమచ్చ వైరసునకు దాయాదియే. గట్లమీద విరియబూచిన వయ్యారిభామ పుప్పొడిలో నది దాగియుండును. తామరపురుగులు ఆ పుప్పొడిని పైరుమీదికి చేర్చి, ఆకును గీరి గాయపఱచగా, ఆ గాయమున వైరస్ ప్రవేశించును.

తేనెటీగను తోటకు రావలదని శాసింపజాలము, గాలిని కట్టివేయజాలము. కాని గట్టుమీది వయ్యారిభామను పూతకు ముందే పెఱికివేయుట మన చేతిలోని పని. చేనుచుట్టు జొన్నసాళ్లు వేసినచో ఎగిరివచ్చు తామరపురుగులను కొంతవఱ కవి యడ్డుకొనును. తెగులు సోకిన మొక్కకు మందు లేదు గనుక, అది వచ్చు త్రోవ నెఱిగి కాచుకొనుటయే రైతునకు మిగిలిన యుపాయము.