నైపుణ్య వీసా – తెలుగువారి అమెరికా వలస: ప్రయోజనాల చారిత్రక పరిశీలన (1965–2017)

ప్రస్తావన

తెలుగువారి విదేశీ వలసలపై జరిగిన చర్చల్లో ప్రధానంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. వలసను మేధాసంపత్తి నష్టంగా భావించి విచారించడం మొదటిది. డాలరు ఆదాయాన్ని, కుటుంబాల ఉన్నతిని చూపి దానిని విజయగాథగా కీర్తించడం రెండవది. ఈ రెండింటిలోనూ ఒక ముఖ్యాంశం మరుగున పడుతున్నది. వలస వెళ్ళిన వ్యక్తి ఏ చట్టం కింద, ఏ హక్కులతో ఆ దేశంలో అడుగుపెట్టాడన్నదే ఆ అంశం. వేతనం ఎంత అనేది ఒక ప్రశ్న. ఆ వేతనం గిట్టుబాటు కానప్పుడు మరొక యజమాని వద్దకు వెళ్ళగల స్వేచ్ఛ ఉన్నదా అనేది మరొక ప్రశ్న. నైపుణ్య వీసా వల్ల తెలుగువారికి కలిగిన ప్రయోజనాల విస్తృతిని మొదటి ప్రశ్న కంటే రెండవ ప్రశ్నే ఎక్కువగా నిర్ణయించిందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం: ఒప్పంద కూలీ, మేస్త్రీ వ్యవస్థ

నైపుణ్య వీసా ప్రత్యేకత తెలియాలంటే దానికి పూర్వం తెలుగువారు ఏ పద్ధతుల్లో విదేశాలకు వెళ్ళారో గుర్తు చేసుకోవాలి. మారిషస్, ఫిజీ తోటలకు వెళ్ళినవారు ఒప్పంద కూలీలు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఫిజీకి చేరిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం ముగియకుండా పని విడిచిపెట్టడం అక్కడ శిక్షార్హమైన నేరం. బర్మాకు వెళ్ళిన ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల కూలీల పరిస్థితి కొంత భిన్నం. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో వారిని కోరంగీలని పిలిచేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానాతో వారి ప్రయాణం మొదలయ్యేది. ఆ అప్పు తీరేవరకు మేస్త్రీ అదుపులోనే పనిచేయవలసి వచ్చేది. వేతనం కూడా చాలా సందర్భాల్లో మేస్త్రీ చేతుల మీదుగానే అందేది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె అనంతరం చెలరేగిన హింస, 1942లో జపాన్ దాడితో ఏర్పడిన మహాప్రస్థానం ఆ వలసలోని అభద్రతను బయటపెట్టాయి. దశాబ్దాల పాటు సాగినా ఆ వలస కూలీలకు స్థిరమైన నివాస హక్కును సమకూర్చలేకపోయింది. స్వదేశంలో తమ ఊరిని వదిలి వెళ్ళగలిగినవారు పరదేశంలో మేస్త్రీని వదిలి వెళ్ళలేకపోవడమే ఇందుకు మూలకారణాలలో ఒకటి.

1965 చట్టం: యజమానితో ముడిపడని ప్రవేశం

అమెరికా ద్వారాలు భారతీయులకు చాలాకాలం మూసి ఉన్నాయి. 1917 చట్టం ఆసియా ఖండంలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1946లో ఆ అనర్హత తొలగినా, ఏడాదికి వందమందికి మాత్రమే ప్రవేశం కల్పించారు. 1965 అక్టోబరు 3న సంతకమై, 1968 జూలై 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన వలస చట్టం జాతీయతల ఆధారంగా ఉన్న కోటాలను రద్దు చేసింది. వృత్తి నిపుణులకు మూడవ ప్రాధాన్య శ్రేణిని ఏర్పాటు చేసింది.

ఈ మార్పు ఫలితాన్ని అందుకోవడానికి తెలుగు ప్రాంతం అప్పటికే కొంత సిద్ధంగా ఉన్నది. 1923లో విశాఖపట్నంలో, 1946లో గుంటూరులో ఏర్పడిన వైద్య కళాశాలలు, 1959లో వరంగల్లులో ప్రారంభమైన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఇంగ్లీషు మాధ్యమంలో శిక్షణ పొందిన నిపుణులను తయారు చేశాయి. ప్రజాధనంతో వచ్చిన ఈ చదువును గమనించకుండా వలస ప్రయోజనాలను కేవలం వ్యక్తుల ప్రతిభకు ఆపాదించడం చరిత్రకు న్యాయం చేయదు.

ప్రాధాన్య శ్రేణిలో ప్రవేశించినవారికి శాశ్వత నివాస హక్కు లభించేది. ఆసుపత్రినో సంస్థనో మారినంత మాత్రాన దేశం విడిచి వెళ్ళవలసిన అవసరం వారికి లేదు. ఈ స్థిరత్వం సంస్థల నిర్మాణానికి పునాది అయింది. 1977లో న్యూయార్కులో జరిగిన తెలుగు మహాసభ ఉత్తర అమెరికా తెలుగు సంఘం ఆవిర్భావానికి దారితీసింది. నైపుణ్యం అంటే వైద్యం, ఇంజనీరింగు మాత్రమే కాదనడానికి కూడా ఈ కాలంలోనే నిదర్శనం ఉంది. వెల్చేరు నారాయణరావు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, మూడు దశాబ్దాలకు పైగా తెలుగు సాహిత్యాన్ని బోధించి, అనువాదాల ద్వారా దానికి ప్రపంచ స్థాయి పాఠకులను సంపాదించారు.

హెచ్-1బి: నైపుణ్యం, యజమాని, పరాధీనత

తాత్కాలిక నిపుణులకు ఉద్దేశించిన హెచ్-1 వీసా 1952 చట్టంలోనే ఉన్నది. 1990 చట్టం హెచ్-1బి వీసాకు నేటి రూపాన్నిచ్చింది. ఏడాదికి 65,000 మంది పరిమితి, ఆరేళ్ళ గరిష్ఠ కాలం, ఆ ప్రాంతంలో ఆ వృత్తికి అమలులో ఉన్న వేతనానికి తగ్గకుండా చెల్లించాలన్న నిబంధన ఇందులో ముఖ్యమైనవి. గడువుకు ముందే ఉద్యోగం నుంచి తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ వ్యయాన్ని యజమానే భరించాలన్న నియమమూ ఉన్నది. ఒప్పంద కూలీల చట్టాలతో పోల్చితే ఇవి విలువైన రక్షణలు. అయితే వీసాకు దరఖాస్తు చేసేది ఉద్యోగి కాదు, యజమాని. పనితో పాటు నివాసార్హత కూడా యజమాని పత్రంపైనే ఆధారపడింది.

2000 సంవత్సరపు కంప్యూటర్ల తేదీ సమస్య వల్ల ప్రోగ్రామర్లకు గిరాకీ పెరిగిన కాలంలో ఈ లోపం స్పష్టమైంది. హైదరాబాదును, సిడ్నీని కేంద్రంగా చేసుకొని షియాంగ్ బియావో చేసిన క్షేత్ర పరిశోధన 2007లో గ్రంథంగా వెలువడింది. తెలుగు నిపుణులను సేకరించి విదేశీ సంస్థలకు అద్దెకిచ్చే దళారీ సంస్థల జాలాన్ని ఆ గ్రంథం వివరించింది. పని దొరకని కాలంలో ఉద్యోగిని ‘బెంచి’ మీద కూర్చోబెట్టడం, జీతంలో కోత విధించడం, చదువుపై పెట్టుబడికి వరకట్నంతో ఉన్న సంబంధం వంటి అంశాలు అందులో చర్చకు వచ్చాయి. ఈ దళారీకీ నాటి మేస్త్రీకీ మధ్య పోలికలు గమనార్హం. అయితే పోలికను మరీ దూరం లాగడం సరికాదు. చదువు, భాష, స్నేహితుల సమాచారం వల్ల ప్రోగ్రామరుకు దొరికిన బేరమాడే శక్తి రేవు కూలీకి లేదు.

చట్టంలో వచ్చిన సవరణలు ఆ శక్తిని మరికొంత పెంచాయి. 1998 చట్టం పని లేని కాలానికి కూడా జీతం ఇవ్వాలని నిర్దేశించింది. 2000 అక్టోబరు నాటి చట్టం, కొత్త యజమాని దరఖాస్తు సమర్పించగానే ఉద్యోగి అతని వద్ద పని ప్రారంభించవచ్చని అనుమతించింది. గ్రీన్‌కార్డు ప్రక్రియలో జాప్యం జరిగినవారు ఆరేళ్ళ తరువాత కూడా కొనసాగే వీలు కల్పించింది. వార్షిక పరిమితిని 2001 నుంచి 2003 వరకు 1,95,000కు పెంచడం కంటే ఈ రెండు హక్కుల ప్రభావమే దీర్ఘకాలికమైనది. పరిమితి 2004లో తిరిగి 65,000కు పడిపోయింది. ఆ ఏడాది చివర చేసిన చట్టం అమెరికాలో స్నాతకోత్తర పట్టా పొందినవారికి అదనంగా 20,000 చేర్చింది. యజమానిని మార్చే హక్కు మాత్రం నిలిచింది.

ప్రయోజనాల స్వరూపం

ఆర్థిక ప్రయోజనం విషయంలో మైకేల్ క్లెమెన్స్ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రత్యేకంగా పేర్కొనదగినది. హూస్టన్‌లో ప్రోగ్రామరు సంపాదన హైదరాబాదులో కంటే ఎందుకు ఎక్కువన్నది ఆయన ప్రశ్న. వీసాల కేటాయింపు లాటరీ ద్వారా జరగడం వల్ల, ఒకే సంస్థలో సమాన ప్రతిభ గలవారిలో వెళ్ళినవారిని, వెళ్ళలేకపోయినవారిని పోల్చడం సాధ్యమైంది. ఆదాయ వ్యత్యాసంలో అధిక భాగం వ్యక్తి ప్రతిభ వల్ల కాక, పనిచేసే స్థలం వల్లనే ఏర్పడుతున్నదని తేలింది. విదేశీ వేతనాన్ని వ్యక్తి గొప్పతనానికి కొలమానంగా భావించే సామాజిక దృష్టికి ఇది గట్టి సవాలు.

ప్రయోజనం వెళ్ళినవారికే పరిమితం కాలేదు. అమెరికా వీసా ఆశతో భారతదేశంలో కంప్యూటరు విద్యవైపు మళ్ళినవారిలో వెళ్ళలేకపోయినవారు, తిరిగి వచ్చినవారు దేశీయ సాఫ్ట్‌వేరు పరిశ్రమకు బలమయ్యారని గౌరవ్ ఖన్నా, నికొలాస్ మొరాలెస్ పరిశోధన ప్రతిపాదించింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో రూపుదిద్దుకొన్న హైదరాబాదు హైటెక్ సిటీ చరిత్రను ఈ కోణం నుంచి కూడా చదవవలసి ఉన్నది. వైద్యరంగంలో అమెరికా నుంచి తిరిగి వచ్చిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ నైపుణ్యం తిరిగి రావడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

సాహిత్య రంగంలో 1994లో హూస్టన్‌లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్, 1998లో వెలువడిన ‘ఈమాట’ పత్రిక డయాస్పోరా రచనకు వేదికలయ్యాయి. డాలర్ల లెక్కలో చేరని ఈ ప్రయోజనం తెలుగు సాహిత్య చరిత్రకు చెందినది.

కుటుంబం: ప్రయోజనాల హద్దు

వీసా హక్కుల అసమానత కుటుంబం విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సత్య నాదెళ్ళ 1994లో తన గ్రీన్‌కార్డును వదులుకొని హెచ్-1బి వీసా తీసుకున్నట్లు 2017లో ప్రచురించిన పుస్తకంలో పేర్కొన్నారు. గ్రీన్‌కార్డు గలవారి భార్యకు ఏళ్ళ తరబడి నిరీక్షణ తప్పదు. హెచ్-1బి గలవారి భార్య హెచ్-4 వీసాపై వెంటనే రావచ్చు. శాశ్వత హక్కు కంటే తాత్కాలిక వీసాయే కుటుంబాన్ని కలిపిన విచిత్ర సందర్భమిది.

అయితే హెచ్-4 వీసాపై వచ్చిన స్త్రీలకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. గ్రీన్‌కార్డు ప్రక్రియ నిర్ణీత దశకు చేరినవారి జీవిత భాగస్వాములకు మాత్రమే 2015 మే నుంచి ఆ అవకాశం కలిగింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఒక్కొక్క దేశానికి ఏడు శాతం పరిమితి ఉండటం వల్ల భారతీయుల నిరీక్షణ దశాబ్దాలకు చేరింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో ఒక తెలుగు ఇంజనీరు జాతివిద్వేషానికి బలైనప్పుడు, ఆయన వీసాపై ఆధారపడిన భార్య నివాసార్హత కూడా ఆయనతో పాటే ముగిసిపోయే పరిస్థితి ఏర్పడింది. భర్త ఉద్యోగం భార్య ఉనికికి ఆధారమైన వ్యవస్థలో ప్రయోజనాన్ని కుటుంబ ఆదాయంతో మాత్రమే కొలవడం ఎంత అసంపూర్ణమో ఈ ఘటన తెలియజేస్తున్నది.

ఉపసంహారం

నైపుణ్య వీసా తెలుగువారికి ఆదాయాన్ని, వృత్తి అనుభవాన్ని, సంస్థలను, కొత్త సాహిత్య క్షేత్రాన్ని ఇచ్చింది. కానీ ఈ ప్రయోజనాలు అన్ని కాలాల్లోనూ, అందరికీ సమానంగా అందలేదు. 1965 చట్టం కింద శాశ్వత హక్కుతో ప్రవేశించినవారు స్వల్పకాలంలోనే సంస్థలను నిర్మించుకోగలిగారు. 1990 తరువాత యజమాని పత్రంతో ప్రవేశించినవారు 2000 నాటి సవరణ వచ్చేవరకు దళారీ వ్యవస్థకు సులభంగా లోబడ్డారు. వారి వెంట వెళ్ళిన స్త్రీలలో అనేకులు ఉద్యోగ హక్కు కోసం 2015 వరకు ఎదురుచూశారు.

భారత ప్రభుత్వ వలస చట్టాలు కూడా ఈ చర్చలోకి రావాలి. 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి విధానం తక్కువ చదువు గల కార్మికుల రక్షణకే పరిమితమైంది. చదువుకున్నవాడు తన్ను తాను కాపాడుకోగలడన్న భావన దాని వెనుక ఉన్నది. దళారీ సంస్థల చరిత్ర ఆ భావనను పూర్తిగా సమర్థించదు. తెలుగువారి వలస చరిత్రను వ్రాసేటప్పుడు ఎందరు వెళ్ళారు, ఎంత పంపారు అన్న లెక్కలతో పాటు, యజమానిని విడిచి వెళ్ళగల హక్కు ఎవరికి, ఎప్పుడు లభించింది అన్న ప్రశ్నకు కూడా స్థానమివ్వాలి. కోరంగి కూలీని, సాఫ్ట్‌వేరు ఇంజనీరును ఒకే చరిత్రలో భాగంగా చూడటానికి ఆ ప్రశ్నే సరైన ఆధారం.