కారు స్టార్ట్ కావట్లేదా? మెకానిక్‌కు ఫోన్ కొట్టేముందు ఆ సౌండ్ వినండి

పెద్దపల్లి జిల్లా: డ్యూటీకి బైక్, ఊరెళ్లాలంటే కారు. సింగరేణి రామగుండం-3 ఏరియాలోని సెంటినరీ కాలనీ క్వార్టర్ల ముందు కవర్ కప్పుకుని రోజుల తరబడి కదలని కార్లు కనిపిస్తూనే ఉంటాయి. తీరా ఇంట్లో ఎవరికో బాగోలేక అర్ధరాత్రి తాళం తిప్పితే 'టక్ టక్' తప్ప ఏమీ ఉండదు. ఇంటాయన నైట్ షిఫ్ట్‌లో, గనిలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

పేషెంట్ ఉన్నప్పుడు మాత్రం రిపేర్ జోలికి పోవద్దు. ముందు 108కి ఫోన్ చేయాలి. కారు సంగతి తెల్లారాక చూసుకోవచ్చు.

తాళం తిప్పగానే వచ్చే శబ్దమే సగం జబ్బు చెప్పేస్తుంది. హెడ్‌లైట్ వేసి స్టార్ట్ చేసి చూడాలి. లైట్ బాగా తగ్గిపోయి 'టకటక' అంటే బ్యాటరీ వీక్, లేదా టెర్మినల్ లూజ్. లైట్ అలాగే వెలుగుతూ ఒక్కసారే 'టక్' మంటే స్టార్టర్ మోటార్‌పై అనుమానపడాలి. ఇంజిన్ గిరగిరా తిరుగుతున్నా అందుకోకపోతే బ్యాటరీని తిట్టుకోవడం దండగ. అది ఇంధనం లేదా స్పార్క్ సమస్య. డీజిల్ బండి అయితే ఫిల్టర్‌లో నీళ్లు చేరాయేమో, పైపులో గాలి పట్టిందేమో చూడాలి. అసలు శబ్దమే లేకపోతే ఆటోమేటిక్ కారులో గేర్ 'పి' లేదా 'ఎన్'లో ఉందా, బ్రేక్ తొక్కారా అన్నది ముందు చూసుకోవాలి. బటన్ స్టార్ట్ కార్లలో రిమోట్ సెల్ అయిపోయినా ఇదే పరిస్థితి.

ఎక్కువసార్లు దొరికే దొంగ బ్యాటరీయే. చలికాలంలో మొరాయిస్తుంది కాబట్టి నింద చలి మీదకు పోతుంది గానీ, దాని ఆయుష్షు తినేది ఎండాకాలమే. రామగుండం ఎండ సంగతి వేరే చెప్పాలా? దానికి తోడు బండి ఆపేసినా అలారం, గడియారం, డాష్‌క్యామ్ లాంటివి కొద్దికొద్దిగా కరెంట్ లాగుతూనే ఉంటాయి. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపితే ఫుల్ చార్జ్. 12.2 అంటే దాదాపు సగమే. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 14 వోల్టులు రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదన్నమాట, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

ఓపెన్‌కాస్ట్ దుమ్ము వల్లే కారు ఆగిందనే మాట ఇక్కడ తేలిగ్గా వచ్చేస్తుంది. దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోతే పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. స్టార్టే కాకపోవడానికి అది అరుదుగానే కారణం. అంతకంటే బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడటం మేలు.

పక్కింటి కారుతో జంప్ స్టార్ట్ చేసేటప్పుడు వరస తప్పకూడదు. రెండు బండ్లూ 12 వోల్టులవే అయి ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర కేబుల్ ముందు ఆగిన కారు ప్లస్‌కు, తర్వాత మంచి కారు ప్లస్‌కు. నల్ల కేబుల్ మంచి కారు మైనస్‌కు, చివరి కొన ఆగిన కారు ఇంజిన్‌పై రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు, అక్కడ నిప్పురవ్వ లేస్తే పేలే ప్రమాదం. అందుకే చివరి కొన దూరంగా పెట్టమనేది. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా కేబుల్ అసలు పెట్టొద్దు.

స్టార్టర్‌ను ఒక్కోసారి 10 సెకన్లకు మించి తిప్పొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగాలి. పెట్రోల్ వాసన గుప్పుమంటే వెంటనే ఆపేయాలి. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్ బండికే. ఆటోమేటిక్‌కు అది పనిచేయదు.

టెర్మినల్‌పై తెల్లటి, పచ్చటి బూజు పడితే ముందు మైనస్ విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో బ్రష్ చేసి, ఆరాక ప్లస్ నుంచి బిగించాలి. వారానికోసారి రెండు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం చాలామందికి అలవాటు. స్టార్ట్‌కు ఖర్చయిన చార్జ్ అంతలో తిరిగి రాదు. అటు గోదావరిఖని వైపో, ఇటు మంథని వైపో కనీసం అరగంట నడపాలి.