రంగు వేసే ముందు మేకు రంధ్రాల పూడిక: గోడకు ఒక తీరు, చెక్కకు మరో తీరు

గోడకు దిగగొట్టిన మేకును పీకేయడానికి ఒక్క క్షణం చాలు. అది మిగిల్చిన రంధ్రం కనిపించకుండా చేయడానికి మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకపోవడం వల్లనే దసరాకో, దీపావళికో, సంక్రాంతికో వేయించిన కొత్త రంగు మీద పాత క్యాలెండరు మేకు గుర్తు కొద్ది వారాలకే మళ్ళీ తేలుతుంది. మేకు, మొల, సీల అంటూ ప్రాంతాన్ని బట్టి పేరు మారవచ్చు గానీ ఈ అనుభవం అందరిదీ.

ఎండిన రంగు పూత మందం సాధారణంగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంత పలుచని పొర గుంతను పూడ్చలేదు సరికదా, పక్క నుంచి వెలుతురు పడినప్పుడు దానిని మరింత స్పష్టంగా చూపుతుంది. అందుచేత రంధ్రం పని రంగు డబ్బా మూత తీయక ముందే పూర్తి కావాలి. దేనితో పూడ్చాలన్నది ఆ రంధ్రం చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి నిర్ణయించాలి. గోడకు వాడగా మిగిలిన పుట్టీని తలుపు చట్రానికీ రాసివేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. సిమెంటు పూత గట్టిపడిన తర్వాత దాదాపు కదలదు. చెక్క అలా కాదు. వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. ఆ కదలిక నారకు అడ్డంగా ఎక్కువ. తనతో పాటు కదలలేని సిమెంటు ముద్దను చెక్క కొంతకాలానికి పగులగొడుతుంది, లేదా అంచుల వద్ద వదిలేస్తుంది.

గోడల విషయం

మేకు దిగేటప్పుడూ, బయటకు వచ్చేటప్పుడూ రంధ్రం చుట్టూ పూత కొంచెం పైకి లేస్తుంది. ఈ ఉబ్బిన అంచును అలాగే ఉంచి పూడ్చితే ఎంత సాపు చేసినా అక్కడ చిన్న బొడిపె మిగులుతుంది. పుట్టీ బ్లేడు మూలతో ఆ అంచును గీకివేయాలి, లేదా సుత్తి పిడి చివరతో మెల్లగా లోపలికి నొక్కాలి. డ్రిల్లు చేసి బిగించిన ప్లాస్టిక్ ప్లగ్గులు, పాత ఇళ్ళలో చెక్క బిరడాలు లోపల ఉంటే వాటిని తీసివేయడం మంచిది. వదులుగా ఉన్న బిరడా మీద వేసిన పూడిక దానితో పాటే కదులుతుంది. ప్లగ్గు బిగుసుకుపోయి రానప్పుడు, చుట్టూ ఉన్న పూతను పెళ్ళగించడం కంటే దానిని మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి దించి పైన పూడ్చడమే మేలు.

తర్వాత లోపలి ధూళిని కుంచెతో దులిపి, రంధ్రాన్ని నీటితో కొద్దిగా తడపాలి. చాలామంది వదిలేసే దశ ఇదే. పొడిగా ఉన్న సిమెంటు పూత, మరీ ముఖ్యంగా పాత సున్నపు గోడ, పుట్టీలోని నీటిని క్షణాల్లో లాగేసుకుంటుంది. గట్టిపడడానికి కావలసిన నీరు అందక పుట్టీ పొడిపొడిగా మిగిలిపోతుంది. గోరు తగిలితే రాలే పూడికలకు చాలా సందర్భాల్లో కారణం నాసిరకం సరుకు కాదు, ఈ దాహమే.

బజారులో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. వైట్ సిమెంట్ పుట్టీ నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది; తేమను తట్టుకుంటుంది కనుక వెలుపలి గోడలకూ పనికివస్తుంది. ఐరన్ ఆక్సైడు చాలా తక్కువగా ఉండడమే ఈ సిమెంటు తెల్లదనానికి కారణం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సం ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేసి, అందులోని నీటిని చాలావరకు పోగొట్టి తయారుచేసే పొడి. పారిస్ నగరంలోని మోంమార్త్ర్ ప్రాంతపు జిప్సం గనుల వల్ల దీనికి ఆ పేరు స్థిరపడింది. భారతదేశంలో జిప్సం ఉత్పత్తిలో రాజస్థాన్‌దే అగ్రస్థానం; తెల్ల సిమెంటు ప్రధాన కర్మాగారాలున్నదీ ఆ రాష్ట్రంలోనే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిమిషాల్లో గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోదు. అందువల్ల పెద్ద రంధ్రాలకు అనుకూలం. అయితే తడి తగిలే చోట మెత్తబడిపోతుంది కనుక స్నానాల గదికీ, వాన కొట్టే గోడకూ దానిని వాడకూడదు. మూడవది డబ్బాలో సిద్ధంగా దొరికే యాక్రిలిక్ పుట్టీ. లోపలి గోడల మీది సన్నని గుంతలకు ఇది బాగుంటుంది. ఇందులోని నీరు ఆవిరై పోయేకొద్దీ ముద్ద తగ్గుతుంది కనుక లోతైన రంధ్రానికి దీనిని ఒక్కసారే కూరితే మధ్యలో పల్లం పడుతుంది.

ఏ రకమైనా లోతు ఎక్కువగా ఉన్నప్పుడు రెండు మూడు విడతలుగా నింపాలి. మొదటి విడత పూర్తిగా ఆరిన తర్వాతే రెండవది. చివరి విడత గోడ మట్టానికి వెంట్రుకవాసి పైకి ఉంటే గీసి సమం చేయవచ్చు. లోపలికి ఉంటే మళ్ళీ మొదటికి రావాలి. గోడ మీద తెల్లటి ఉప్పు పొడి తేలుతుంటే అది లోపలి చెమ్మకు గుర్తు. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపనంతవరకు అక్కడ ఏ పూడికా నిలవదు.

అద్దె ఇళ్ళు ఖాళీ చేసేవారు టూత్‌పేస్టు, సబ్బు, సుద్దముక్కలతో రంధ్రాలు మూయడం కొత్తేమీ కాదు. ఇంటి యజమాని చూసి వెళ్ళే వరకు అది నిలుస్తుందేమో గానీ, ఆ తర్వాత కుంచించుకుంటుంది. సబ్బు మీద రంగు పట్టదు కూడా. పావుకిలో పుట్టీతో డజన్ల కొద్దీ రంధ్రాలు సరిచేయవచ్చు గనుక, అడ్వాన్సు సొమ్ములో కోతతో పోలిస్తే అసలు పద్ధతే చౌక.

చెక్క పని

చెక్కలో మేకును చాలాసార్లు తీయరు, లోపలే ఉంచుతారు. నెయిల్ పంచ్ అనే మొద్దు మొన పనిముట్టును మేకు తల మీద ఆనించి కొట్టి, తలను రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి దించి ఆ గుంతను పూడుస్తారు. ఇనుప మేకు తల మీద తుప్పు ఉంటే గీకి, లోహపు ప్రైమరు చుక్క అద్దాలి. లేకుంటే నీటితో కలిపే రంగులోని తేమకు తుప్పు కరిగి, పూత మీద గోధుమరంగు మచ్చగా తేలుతుంది. పైన ఎన్ని పూతలు వేసినా ఆ మచ్చ మళ్ళీ వస్తూనే ఉంటుంది.

పూడ్చే ముద్దను రంగు పనివారు లప్పం అంటారు. సుద్ద పొడిని అవిసె నూనెతో పిసికి చేసే లప్పం తరతరాలుగా వాడుకలో ఉంది. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పైన ఆరినట్లు కనిపించినా లోపల రోజుల తరబడి మెత్తగా ఉండేది అందుకే. తొందరపడి గీస్తే ఊడి వచ్చేస్తుంది. ఇప్పుడు దీని స్థానంలో డబ్బా వుడ్ ఫిల్లర్లు ఎక్కువగా వాడుతున్నారు.

ఎనామెల్ రంగు వేసే తలుపుకు ఏ రంగు ఫిల్లరైనా సరిపోతుంది. పాలిష్ చేసే టేకు తలుపుకు అలా కుదరదు. వడ్రంగులు అదే చెక్క రంపపు పొట్టును జిగురుతో కలిపి నింపుతారు. పొట్టు రంగు కలిసినా, జిగురు పాలిష్‌ను పీల్చదు. ఫలితంగా ఆ చోటు తక్కిన చెక్క కంటే లేతగానో ముదురుగానో చుక్కలా మిగులుతుంది. ఇలాంటి చోట ముందు ఒక చేయి పాలిష్ వేసి, తేలిన రంగును చూసి, దానికి సరిపోయే మైనపు ముద్దతో గానీ లక్క కడ్డీతో గానీ గుంత నింపడం నిపుణులైన వడ్రంగుల పద్ధతి. చెక్కకు పనికిరాని ముక్క మీద ముందుగా పరీక్షించుకోవడం తప్పనిసరి.

గీయడం, ప్రైమరు

ఆరిన పూడికను 120 లేదా 150 నంబరు సాండ్ పేపరుతో గీసి, 220 నంబరుతో నునుపు చేస్తారు. నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తనిది. చెక్క మీద నార దిశలోనే గీయాలి. ఆ తర్వాత పూడిక మీద ప్రైమరు చుక్క తప్పనిసరి. కొత్త పుట్టీ చుట్టుపక్కల పాత రంగు కంటే ఎక్కువగా రంగును పీలుస్తుంది కనుక ప్రైమరు లేకపోతే నునుపైన పూడిక కూడా మెరుపు లేని మచ్చగా కనిపిస్తుంది.

గీసే ముందు ఆ రంగు ఎప్పటిదో తెలుసుకోవడం అవసరం. పాత ఎనామెల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు ఛాయల్లో, సీసం సమ్మేళనాలు విరివిగా వాడేవారు. పాతకాలపు లప్పంలోనూ సీసపు సఫేదా కలిపేవారు. గృహ, అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధనలు 2016లో జారీ అయి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు రంగు వేసిన కిటికీలు, తలుపులు, గ్రిల్లులు దేశమంతటా లక్షల ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. సీసం ఎంత తక్కువైనా హానిలేని మోతాదు అంటూ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేస్తోంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది.

అటువంటి చెక్కను పొడిగా గీయకూడదు, మంటతో కాల్చి రంగు ఊడదీయకూడదు. నీటితో తడిపి, వాటర్ పేపరుతో రంధ్రం మేరకే గీయాలి. గదిలో పిల్లలు, గర్భిణులు లేకుండా చూసుకోవాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, పని చేసేవారు ఎన్-95 మాస్కు ధరించాలి. పని ముగిశాక పట్టాను లోపలివైపుకు మడిచి మూటగట్టి, నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలను ఇంట్లోని మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.