హాలు గోడకు హిప్‌హాప్ ఫోటో: కొనేముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి

శాంతిపురం, కుప్పం వైపు చాలా ఇళ్లలో హాలే కూర్చునే గది, హాలే నమాజ్ చోటు. బెంగళూరులో పనిచేసే అబ్బాయి కొత్త ఇంటి గోడకు ర్యాపర్ ఫోటో పెద్దది పెడదామంటాడు. ‘ఆ బొమ్మ ముందు నమాజ్ ఎట్లా చదివేది?’ అని అమ్మీ అడుగుతుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఈ ఫోటోలు ఎక్కడివి?

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలు వేసిన పార్టీని హిప్‌హాప్ పుట్టుకగా చెప్తారు. రైలు పెట్టెల మీద కుర్రాళ్లు రాసిన గ్రాఫిటీని మార్తా కూపర్, హెన్రీ చాల్‌ఫంట్ ఫోటోలు తీసి 1984లో ‘సబ్‌వే ఆర్ట్’ పుస్తకంగా తెచ్చారు. బ్రూక్లిన్ వీధుల్లోని మనుషులను జమేల్ షబాజ్ తీశాడు. 1997 మార్చిలో బారన్ క్లెయిబోర్న్ ర్యాపర్ నటోరియస్ బి.ఐ.జి. తలపై ప్లాస్టిక్ కిరీటం పెట్టి ఫోటో తీశాడు. మూడు రోజులకే ఆ గాయకుడు హత్యకు గురయ్యాడు. ఆ కిరీటం 2020లో సోత్‌బీస్ వేలంలో 5,94,750 డాలర్లు పలికింది. పేదల వీధుల్లో పుట్టిన కళ ఇట్లా ఖరీదైన గోడలకు చేరింది.

ముఖాలున్న ఫోటో పెట్టొచ్చా?

బొమ్మలున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని హదీసుల్లో ఉంది. కెమెరా ఫోటో దాని కిందికి వస్తుందా అనే విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. కొందరు దాన్ని అద్దంలో కనిపించే రూపంతో పోల్చి అనుమతిస్తారు. కొందరు గోడకు తగిలించడమే వద్దంటారు. మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోండి. ఏమైనా, నమాజ్‌లో ఎదురుగా కనిపించే గోడ ఖాళీగా ఉంచడం మేలు. మన ప్రాంతంలో ఖిబ్లా పడమర, కాస్త వాయవ్యం వైపు.

ముఖం లేని దారి

ఫ్రాన్స్‌లో పుట్టిన ట్యునీషియా మూలాల కళాకారుడు ఎల్ సీడ్ హిప్‌హాప్ వాతావరణంలో పెరిగి, గ్రాఫిటీని అరబిక్ ఖత్‌తో కలిపాడు. దీన్నే కాలిగ్రాఫిటీ అంటారు. 2012లో ట్యునీషియాలోని గాబెస్ నగరంలో జారా మస్జిద్ మినార్ మీద సూరా హుజురాత్ 13వ ఆయత్‌ను రాశాడు. 2016లో కైరోలో చెత్త ఏరేవాళ్లు ఉండే బస్తీలో దాదాపు 50 ఇళ్ల మీద ఒకే చిత్రం గీశాడు. కొండ మీది నుంచి చూస్తేనే అది పూర్తిగా కనిపిస్తుంది. ఇలాంటి కళ ఫోటో అయితే అబ్బాయి కోరిన వీధి ఊపు ఉంటుంది, అమ్మీకి ఇబ్బంది ఉండదు. అయితే అందులో ఆయత్ ఉంటే అదబ్ పాటించాలి. ఎత్తులో పెట్టాలి, కాళ్లు చాపే వైపు పెట్టకూడదు.

ప్రింట్ తీయించేటప్పుడు

24 × 36 అంగుళాల ప్రింట్‌కు కనీసం 3600 × 5400 పిక్సెళ్ల ఫైల్ ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పనికిరాదు. ఎండ పడే గోడ వద్దు, రంగు వెలిసిపోతుంది. కిటికీకి ఎదురైతే గాజు, అక్రిలిక్ మెరుస్తాయి కాబట్టి మ్యాట్ కాన్వాస్ నయం. నెట్‌లో దొరికిందని కాపీ కొట్టకండి. మన చట్టం ప్రకారం ఫోటో తీసిన మనిషి బతికున్నంత కాలం, చనిపోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది.

గోడ ఇంట్లో అందరిదీ. మేకు కొట్టేముందే అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, తర్వాత ఎవరూ ఆ ఫోటో చూసి ముఖం తిప్పుకోరు.