ఇంక్‌జెట్ ఫిల్ము ముద్రణ: సెట్టింగుల ఎంపిక

కంప్యూటర్‌లోని బొమ్మను పారదర్శక ఫిల్ముపై నల్లసిరాతో దించి, దాని గుండా స్క్రీన్‌నో ప్లేటునో ఎక్స్‌పోజ్ చేసే పద్ధతి ఇది. హైదరాబాద్‌లో ఉస్మాన్‌గంజ్ టోకు బజారుకు కావలసిన సంచుల మీద పేర్లయినా, చత్తాబజార్ శుభలేఖలయినా స్క్రీన్ ప్రింటింగ్‌కు ఎక్కితే, వాటి నాణ్యత ఫిల్ము దగ్గరే తేలిపోతుంది. సెట్టింగులను ఫిల్ము పేరును బట్టి కాక పూతను బట్టి ఎంచుకోవాలి. పూతలేని పాలిస్టర్ నీటిసిరాను పీల్చదు. ఏ సెట్టింగూ దాన్ని కాపాడలేదు. సూక్ష్మరంధ్రాల పూత సిరాను త్వరగా ఇముడ్చుకుంటుంది కనుక దానికి ప్రింటర్ సెట్టింగుల్లోని గ్లాసీ ఫోటో పేపర్, అత్యధిక నాణ్యత ఎంపికలు నప్పుతాయి. తడికి ఉబ్బే పూత నెమ్మదిగా ఆరుతుంది. అక్కడ సిరా తగ్గించాలి.

సిరా పెరిగేకొద్దీ నలుపు చిక్కబడుతుందనే వాదన కొంతవరకే నిజం. పూత పీల్చగల హద్దు దాటితే సిరా పాకి అక్షరాల సందులు పూడుకుపోతాయి. కంటికి నల్లగా కనిపించినా చాలదు. స్క్రీన్ మీద పూసే కాంతిసున్నిత ఎమల్షన్ ప్రధానంగా స్పందించేది సుమారు 350–420 నానోమీటర్ల కాంతికి. ఆ కాంతిని సిరా ఆపుతోందో లేదో వేర్వేరు సిరా మోతాదుల చిన్న పట్టీని ఎక్స్‌పోజ్ చేస్తేనే తెలుస్తుంది. ఇది ఫిల్ము వృథా అనేవారు, చెడిన స్క్రీన్‌ను మళ్లీ తయారుచేసే ఖర్చునూ లెక్కించాలి. సిరావైపు ఎమల్షన్‌కు ఆనాలి కాబట్టి స్క్రీన్‌కు బొమ్మను నేరుగా, పాజిటివ్ ఆఫ్‌సెట్ ప్లేటుకు అద్దంలోలా తిప్పి ముద్రించాలి.