తొమ్మిది మెతుకులు

ఇంకో రెండు పత్తికట్టెలు మంటలోకి తొయ్యి అబ్బీ. ఏందీ, నంద్యాలలో రోడ్డు పక్క బండి కాడ దుడ్లిచ్చి అంబలి తాగొచ్చినావా? మా కాలంలో అంబలి కొనేటోడుంటే వానికి పిచ్చి పట్టిందనుకుందురు.

ఆళ్లగడ్డ పక్క మా పల్లెలో దినామూ జొన్న అంబలే. మా జేజి జొన్నపిండి నీళ్లలో కలిపి పులియబెడతాండె. ఎసట్లో నూక ఉడుకుతాంటే ఆ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పి, రాత్రికి మంటికుండలో పెడతాండె. తెల్లారేసరికి చల్లగా, నాలుక్కి తగిలేంత పులుపు. ఇంత మజ్జిగ, ఉప్పుగల్లు, నంజుకునేదానికి ఎర్రగడ్డ. అది తాగి గొర్రు పట్టుకుంటే మధ్యాన్నం దాకా ఆకలి మాటే లేదు. చుట్టాలొస్తే పెరిగేది నూక కాదు, నీళ్లు. కుండలో తెడ్డు నిలబడిందంటే ఆ యేడు పంటొచ్చినట్టు.

వరిబువ్వ మాకు పండగ పూటే. కేసీ కాలవ కింద మళ్లున్న పెద్దిండ్లల్లో దినామూ వారుస్తాండ్రి. ఆ గంజి కోసం దొడ్డివాకిట్లో సత్తుగిన్నెలు పట్టుకొని నిలబడతాంటిమి. పంచెలకు పెట్టేదానికి ముందు తీసి పెట్టుకొని, మిగిలింది మాకు పోస్తాండ్రి. మా వాటా గంజి పంచెలు తాగె, చూడు!

ఆ కాలవ తెల్లోళ్ల కంపెనీది, 1871కి పూర్తయింది. ఐదేండ్లకే ధాత కరువు. కరువు పనుల్లో మట్టి మోసిన మగోనికి దినానికి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అర కేజీకీ తక్కువే. దానికి ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలన్నోళ్లకు వండి పెట్టినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పతకం సంగతి అట్లుంచు, ఆయన మీద పాట ఇప్పటికీ పాడతారు.

నేను కండ్లారా చూసింది 1952 కరువు. సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. పెద్దింటి దొడ్లో గిన్నె చాపిన మా జేజి, సర్కారు వరసలో నిలబడేదానికి మాత్రం సిగ్గుపడె. ఎందుకో నాకిప్పటికీ తెల్దు. నన్నంపింది. గరిటె పట్టినోడు పైపైన తేట ముంచి పోస్తాండె. నా ముందు ముసలాయన "అడుక్కంటా ముంచప్పా" అంటే కసురుకునె.

గిన్నె ఒలక్కుండా ఇంటికి తెస్తి. జేజి దీపం కాడ పెట్టుకొని మెతుకులు లెక్కబెట్టె. తొమ్మిది. ఐదు నాకు, నాలుగు చెల్లెలికి ఏసి, తేట తాను తాగె.