వలయమునకు కావలి

మైకు ముందు ఒకరు మాట్లాడునపుడు తక్కినవారు మౌనము వహించుట మా రేడియోవారికి అలవాటే. 1985లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన టోకెన్ రింగు అను కంప్యూటర్ల వలయమునకును ఇదియే నియమము. టోకెన్ అను చిన్న సంకేతము యంత్రమునుండి యంత్రమునకు తిరుగుచుండెడిది. అది అందినదే మాట్లాడవలెను.

అయితే ఒక్కచోట తీగ చెడినను అందరి మాటయు ఆగిపోవును. అందుచే యంత్రములలో ఒకటి కావలియై, ఏడు సెకనులకొకమారు తన ఉనికిని చాటుచుండెడిది. సంకేతమందని యంత్రము తన ఎగువ పొరుగుయంత్రమును పేర్కొని మొరపెట్టెడిది. లోపము ఆ రెంటి నడుమ నున్నదని తెలియును. తెలిసినంతనే తీరునా? పలుమార్లు ఉద్యోగి తీగలన్నియు చేరు గదికి పోయి, ఒక్కొక్కటే ఊడదీసి చూడవలసి వచ్చెడిది.

తీగలు కూడు హబ్బులో నిర్వహణ కార్డు అమర్చిన పిమ్మట ఈ శ్రమ తగ్గినది. ఏ పోర్టున ఏ యంత్రమున్నదో అది గుర్తించెడిది, లోపములను లెక్కించెడిది, దూరమున కూర్చున్న నిర్వాహకుని ఆజ్ఞపై చెడిన శాఖను మాత్రమే వేరుచేసెడిది. 1991లో ఈ లెక్కలకు ఉమ్మడి ప్రమాణము వెలువడుటచే, వేర్వేరు సంస్థల పరికరములను ఒకేచోటనుండి చూచుటకు మార్గమేర్పడినది.

1990 దశకమున చౌకయైన ఈథర్నెట్ ప్రబలుటతో టోకెన్ రింగు వెనుకబడినది. కాని ఒకరి లోపమునకు అందరి మాట ఆగరాదని మనము దానినుండి నేర్చిన పాఠము నిలిచియే యున్నది.